స్టెంధాల్: ఒంగోలు ల్యాబులో ఒక ఓపెన్ సోర్స్ ఆట సర్వర్‌పై సమీక్ష

ఇంజనీరింగ్ కళాశాలల్లో చివరి ఏడాది ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే లైబ్రరీ నిర్వహణ, హాస్టల్ హాజరు, బస్సు టికెట్ల బుకింగు అంటూ అవే అంశాలు తిరిగి వస్తాయి. వాటిలో సర్వర్ అనే మాట ఉంటుంది గాని, పదిమంది మనుషులు ఒకే సమయంలో ఒకే లోకాన్ని తలో వైపుకు లాగుతున్నా ఆ లోకం చెదరకుండా నిలబెట్టే సర్వర్ ఉండదు. ఒంగోలులో విద్యార్థులకు జావా బోధిస్తున్న నాకు ఈ లోటు చాలాకాలంగా బాధ కలిగిస్తోంది. దాన్ని తీర్చగల సాధనంగా మా ల్యాబులో స్థాపించి, విద్యార్థులతో కలిసి విప్పి చూసిన ఆట స్టెంధాల్. ఆటగా అది మధ్యస్థమైనది. అయితే బహుళ ఆటగాళ్ల సర్వర్‌ను, ఆటగాళ్ల కంప్యూటర్లలో నడుస్తూ దానితో మాట్లాడే క్లయింట్లనే ప్రోగ్రాములను ఎలా కట్టాలో చూపే కోడ్‌గా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల కళాశాలల్లో ఉండే కంప్యూటర్లకూ మన పాఠ్యప్రణాళికకూ ఇంతకంటే తగినది నాకు కనిపించలేదు.

స్టెంధాల్ 1999లో మొదలైన అరియాన్ అనే ప్రాజెక్టు నుంచి వచ్చింది. పైనుంచి చూసే రెండు కొలతల బొమ్మలతో, ఫైయుమోని అనే కల్పిత లోకంలో, ఆటగాళ్లు పాత్రలుగా తిరుగుతూ జంతువులతో పోరాడుతూ, ఊరివాళ్లు చెప్పిన పనులు చేసిపెడుతూ ఎదిగే ఆట ఇది. దీని నిర్మాణంలో అన్నిటికంటే నాకు నచ్చినది రెండు పొరల విభజన. అడుగున మరౌరోవా అనే ఇంజన్ ఉంటుంది. దానికి కత్తి అంటే తెలియదు, గొర్రె అంటే తెలియదు. దానికి తెలిసినవి ఆబ్జెక్టులు, వాటి లక్షణాలు, అవి ఉండే జోన్లు, ఆటగాడి నుంచి వచ్చే చర్యలు, డేటాబేసు, నెట్‌వర్కు మాత్రమే. ఆట నియమాలన్నీ పైపొరలో, అంటే స్టెంధాల్‌లో ఉంటాయి. ఒక విద్యార్థి ఈ విభజనను ఒకసారి కళ్లారా చూస్తే, తన సొంత ప్రాజెక్టులో డేటాబేసు ప్రశ్నలను, తెర మీది బటన్లను ఒకే ఫైలులో కలిపి రాసే అలవాటును వదులుకుంటాడని నా అనుభవం.

సోర్స్ కోడ్ అందరికీ అందే ఇలాంటి ఆటలు మరికొన్ని ఉన్నాయి. 2018లో మొదలైన వెలోరెన్ చూడటానికి అందమైనదే గాని, రస్ట్ భాషలో రాసినది, మంచి గ్రాఫిక్స్ కార్డును కోరుతుంది. 2010లో సోర్స్ కోడ్‌ను బయటపెట్టిన రైజమ్ వాణిజ్యస్థాయి ఆట. దాని సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను కంపైల్ చేయించడమే, అంటే నడిచే ప్రోగ్రాముగా మార్చడమే, విద్యార్థికి ఒక సెమిస్టర్ పని. ద మానా వరల్డ్ తేలికైనదే, కానీ దాని సర్వర్ వేరే ఆట కోసం రాసిన సర్వర్ నుంచి పుట్టింది కాబట్టి, ఏ భాగం ఎందుకు అలా ఉందో చరిత్ర చెప్పకుండా పాఠం చెప్పలేము. స్టెంధాల్ సర్వర్, దాని ప్రధాన క్లయింటు జావాలో ఉన్నాయి. మన విద్యార్థులు రెండో ఏడాదిలోనే నేర్చుకునే భాష అది.

స్థాపన గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. సోర్స్ కోడ్ తెచ్చుకుని యాంట్ అనే సాధనంతో కంపైల్ చేయాలి. తరువాత సర్వర్ ఆకృతీకరణ ఫైలును తయారుచేసే చిన్న ప్రోగ్రామును నడపాలి. అది డేటాబేసు వివరాలను అడుగుతుంది, ఆటగాళ్ల పాస్‌వర్డులను గుప్తీకరించడానికి ఆర్ఎస్ఏ అనే గుప్తీకరణ పద్ధతికి కావలసిన ఒక తాళంచెవిని సృష్టిస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే పెద్ద డేటాబేసు అక్కరలేదనుకుంటే హెచ్2 అనే చిన్న డేటాబేసుతోనే సరిపెట్టుకోవచ్చు. డేటా అంతా సర్వర్ ఉన్న కంప్యూటరులోనే ఫైలుగా ఉంటుంది కాబట్టి ప్రతి సాయంత్రం దాని నకలు తీసి పెట్టుకోవడం సులభం. సర్వర్ 32160 అనే పోర్టులో, అంటే ఆ నంబరు గల నెట్‌వర్కు ద్వారంలో, క్లయింట్ల కోసం వింటుంది. ల్యాబులోని ఒక కంప్యూటరులో సర్వర్‌ను నడిపి, మిగిలినవాటిలో క్లయింట్లను తెరిస్తే చాలు. బయటి ఇంటర్నెట్ లేకపోయినా ఆట నడుస్తుంది. జిల్లా కళాశాలల్లో ఈ ఒక్క సౌలభ్యం విలువ ఎంతో అక్కడ బోధించేవారికే తెలుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఆటలో నిజం ఎక్కడ ఉంటుంది అన్నది విద్యార్థులకు నేను వేసే మొదటి ప్రశ్న. తెర మీద పాత్ర కదులుతోంది కాబట్టి పాత్ర క్లయింటులో ఉన్నదని వారు అనుకుంటారు. నిజానికి క్లయింటు చేసేది కోరిక తెలపడం మాత్రమే. నేల మీద ఒకచోట నొక్కితే, ఫలానా చోటికి వెళ్లాలని ఉందన్న చర్య సర్వర్‌కు వెళుతుంది. దారి వెతికేది సర్వర్, మధ్యలో గోడ ఉందో లేదో చూసేది సర్వర్, ఒక్కొక్క గడి చొప్పున పాత్రను జరిపేదీ సర్వరే. దెబ్బ తగిలిందా, ఎంత తగిలింది, చచ్చిన ఎలుక నుంచి ఏమి రాలింది అన్నవి కూడా అక్కడే తేలుతాయి. ఒక విద్యార్థి క్లయింటు కోడ్‌లో తన ప్రాణబలాన్ని వేయిగా మార్చి చూపినప్పుడు, అతని తెర మీద అంకె మారింది గాని పక్క కంప్యూటరులో ఏమీ మారలేదు, అతని పాత్రా బ్రతకలేదు. క్లయింటును నమ్మరాదన్న సూత్రాన్ని నేను ఏడాదంతా బల్లగుద్ది చెప్పినా రానంత స్పష్టంగా ఆ తరగతిలో వచ్చింది.

ఈ లోకంలో కాలం 300 మిల్లీసెకన్ల టర్నులుగా నడుస్తుంది. ఒక టర్నులో వచ్చిన చర్యలన్నిటినీ సర్వర్ వరుసగా పరిశీలించి, లోకాన్ని ఒక అడుగు ముందుకు జరిపి, ఆ తరువాత ప్రతి క్లయింటుకూ పర్సెప్షన్ అనే సందేశాన్ని పంపుతుంది. ఆటగాడు కొత్త జోనులోకి అడుగుపెట్టినప్పుడు ఆ జోనులో ఉన్నదంతా ఒకేసారి వస్తుంది. ఆ తరువాత వచ్చేవన్నీ తేడాలే: కొత్తగా చేరినవి, మారిన లక్షణాలు, తొలగినవి. ఒక గొర్రె ఒక గడి జరిగితే దాని స్థానం మాత్రమే వస్తుంది, గొర్రె అంతా మళ్లీ రాదు. దీనితోపాటు ప్రతి లక్షణానికీ ఎవరు చూడవచ్చన్న నిబంధన ఉంటుంది. కొన్ని లక్షణాలు అందరికీ కనిపిస్తాయి, కొన్ని ఆ పాత్ర యజమానికి మాత్రమే వెళతాయి, కొన్ని సర్వర్‌ను దాటి బయటకు రానే రావు. కొన్నింటిని డేటాబేసులో భద్రపరచనక్కరలేదని ముందే ప్రకటించవచ్చు. నెట్‌వర్కు భారం, గోప్యత, నిల్వ అనే మూడు విషయాలను ఒకే ప్రకటనలో తేల్చిన ఈ పద్ధతిని ఎంత పొగిడినా తక్కువే.

గొర్రె అని ఊరికే అనలేదు. స్టెంధాల్‌లో గొర్రెల పెంపకం ఉంది. సెమోస్ అనే పట్టణం పక్కనున్న పల్లెలో నిషియా అనే అతని దగ్గర ఆటగాడు గొర్రెను కొని, పొదల దగ్గరకు తోలుకువెళ్లి పండ్లు మేపి, బరువు పెరిగాక సాటో అనే వ్యాపారికి అమ్మవచ్చు. గొర్రెకు ఆకలి వేస్తే దగ్గరలో మేత కోసం వెతుకుతుంది, కడుపు నిండితే యజమాని వెంట నడుస్తుంది, మేత దొరకకపోతే చిక్కిపోతుంది. బరువు పెరిగాక క్లయింటు పెద్ద గొర్రె బొమ్మను చూపుతుంది. ఆటగాడు లాగౌట్ అయినప్పుడు అతని గొర్రె జోనులో అనాథగా మిగిలిపోకుండా, పాత్రకే చెందిన ఒక అరలోకి చేరి, పాత్రతోపాటు డేటాబేసులో భద్రమవుతుంది. ఇంత చిన్న జంతువు చుట్టూ ఇన్ని జాగ్రత్తలు ఉన్నాయని చదివినప్పుడు విద్యార్థులకు కలిగిన గౌరవం నిజమైనది.

ఆ విద్యార్థులలో ఒకరిది ఉదయగిరి వైపు గొర్రెలు కాసే కుటుంబం. ఆటలోని గొర్రె ఒంటినిండా ఉన్నితో ఉన్న విదేశీ గొర్రె అని, మనది పొడవాటి కాళ్ల, నున్నని వెంట్రుకల నెల్లూరు గొర్రె అని అతను అన్నాడు. నెల్లూరు జాతిలో ఒళ్లంతా తెల్లగా ఉండేది పల్ల, తెలుపు మీద కళ్ల చుట్టూ మూతి దగ్గరా నల్లమచ్చలుండేది జోడిపి, ఒళ్లంతా గోధుమరంగులో ఉండేది డోర. ఈ మూడింటినీ ఆటలో పెట్టాలన్నది ఆ బృందం ఎంచుకున్న పని. సర్వర్, క్లయింట్లు అనే రెండు మాటలకు అర్థం వారికి తెలిసింది ఈ పనితోనే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కొత్త ఎలుకనో కొత్త తోడేలునో ఈ ఆటలో పెట్టడానికి జావా రాయనక్కరలేదు. ఎక్స్ఎంఎల్ అనే పాఠ్య రూపంలో ఉన్న ఒక ఫైలులో దాని పేరు, బొమ్మ, దాడి, రక్షణ, ప్రాణబలం, వేగం, స్థాయి, చచ్చినప్పుడు రాలే వస్తువులు రాస్తే చాలు. కానీ పెంపుడు జంతువు అలా కాదు, దాని ప్రవర్తన కోడ్‌లో ఉంటుంది. మొదట సర్వర్‌లోని గొర్రె తరగతికి (జావా క్లాసుకు) జాతి అనే కొత్త లక్షణాన్ని ప్రకటించాలి. ముందుగా ప్రకటించిన లక్షణమైతే మరౌరోవా దాని పేరును అక్షరాలా పంపకుండా చిన్న సంకేతంగా పంపుతుంది. ఆ జాతి అందరికీ కనిపించాలా, భద్రపరచాలా అన్నది అక్కడే నిర్ణయించాలి. పల్ల గొర్రెతో లాగౌట్ అయిన ఆటగాడు మరుసటి రోజు తిరిగి వచ్చేసరికి అది డోరగా మారకూడదు కదా. తరువాత జావా క్లయింటులో ఆ లక్షణాన్ని చదివి తగిన బొమ్మను ఎంచుకునేలా మార్చాలి. అంతటితో అయిపోదు. స్టెంధాల్‌కు బ్రౌజరులో నడిచే వెబ్ క్లయింటు వేరే ఉంది. అది జావాస్క్రిప్టు లోకం, అక్కడ గొర్రెను గీసే కోడ్ వేరు. అక్కడ మార్చకపోతే ఒకే జోనులో నిలబడిన ఇద్దరు ఆటగాళ్లలో ఒకరికి జోడిపి, మరొకరికి పాత ఉన్నిగొర్రె కనిపిస్తుంది. ఇద్దరికీ కనిపించే ఆ గొర్రె బరువు, స్థానం, ధర ఒకటే. సర్వర్ దృష్టిలో అది ఒకే గొర్రె. ప్రోటోకాల్ అనేది ఒప్పందమని, ఆ ఒప్పందాన్ని మార్చినవారు సంతకం పెట్టిన పక్షాలన్నిటికీ కబురు చేయాలని ఇంతకంటే బాగా నేర్పే అభ్యాసం నాకు తెలియదు.

రెండు క్లయింట్లను పోల్చి చెప్పవలసివస్తే, జావా క్లయింటు స్థిరమైనది, పూర్తి అయినది; పాత ల్యాబు కంప్యూటర్లలో కూడా ఇబ్బంది లేకుండా నడుస్తుంది. దాని కిటికీలు, బటన్లు మాత్రం పాతకాలపు రూపంలోనే ఉన్నాయి, ఫోన్ ఆటలకు అలవాటుపడిన పిల్లలకు మొదట్లో నచ్చదు. వెబ్ క్లయింటుకు స్థాపన అక్కరలేదు, అందువల్ల హాస్టలు గదుల నుంచి చేరాలనుకునేవారికి అదే సుఖం. కోడ్ చదవడానికి మాత్రం నేను జావా క్లయింటునే ముందు ఇస్తాను, ఎందుకంటే సర్వర్‌లో చూసిన తరగతుల పేర్లూ క్రమమూ అక్కడ గుర్తుపట్టగలిగేలా ఉంటాయి.

ఊరివాళ్లు అప్పగించే పనుల నిర్మాణం కూడా చదవదగినదే. ప్రతి పాత్ర సంభాషణా ఒక స్థితియంత్రంగా రాయబడి ఉంటుంది: ఏ స్థితిలో ఉన్నప్పుడు, ఏ మాట వింటే, ఏ షరతు నెరవేరితే, ఏమి జవాబు చెప్పి, ఏ చర్య చేసి, ఏ స్థితికి వెళ్లాలి అని. ఇలాంటి స్థితియంత్రాలను వివరించే ఆటోమేటా సిద్ధాంతాన్ని పరీక్ష కోసం బట్టీపట్టినవారికి ఇక్కడ అది పనిచేస్తూ కనిపిస్తుంది. ఆటగాడు ఏ పనిలో ఎంతవరకు వచ్చాడో అతని పాత్రలోనే నమోదై ఉంటుంది. ఈ పనులలో చాలావాటికి జేయూనిట్ అనే జావా సాధనంతో పరీక్షలు కూడా రాసి ఉన్నాయి. ఒక నకిలీ ఆటగాడిని సృష్టించి, అతనిచేత నమస్కారం చెప్పించి, జవాబు సరిపోయిందా, బహుమతి అందిందా అని యంత్రమే సరిచూస్తుంది. పరీక్షలు రాయని ప్రాజెక్టుకు మార్కులు వేయనని చెప్పడం సులభం, రాసిన పరీక్షలు ఎలా ఉంటాయో చూపించడం కష్టం. ఆ కష్టం ఇక్కడ తీరింది.

లోపాలలో మొదటిది, తెలుగువారిగా మనకు ఎక్కువగా తగిలేది, భాష. సంభాషణలన్నీ ఆంగ్లంలో, నేరుగా జావా కోడ్ మధ్యలో ఉన్నాయి. వాటిని విడిగా ఒక ఫైలులో పెట్టి, భాషకొక ప్రతి తయారుచేసుకునే ఏర్పాటు లేదు. పైగా ఏకవచన బహువచనాలను, అంకెలను ఆంగ్ల వ్యాకరణం ప్రకారం అతికించే కోడ్ వాక్యాల నిండా పరచుకుని ఉంది, ఆటగాడు టైపు చేసిన మాటలను అర్థం చేసుకునే భాగం కూడా ఆంగ్ల పదాల పట్టిక మీదే ఆధారపడుతుంది. అందువల్ల జవాబులను తెలుగులోకి మార్చడం ఓపికతో అయ్యే పనే గాని, తెలుగులో అడిగితే అర్థం చేసుకునేలా చేయడం వేరే పరిశోధన. పోలండువారు ఈ ఆటను తమ భాషలోకి తెచ్చుకోవడానికి పోలానీ ఆన్‌లైన్ అనే విడి శాఖనే నడుపుతున్నారు. ఒక భాష కోసం మొత్తం కోడ్‌ను విడదీసుకోవలసిరావడం మంచి నిర్మాణం కాదు. ఇంత చక్కగా పొరలు విడదీసిన ప్రాజెక్టు భాషను విడదీయకపోవడం నాకు విచారం కలిగించింది. ఎవరైనా విద్యార్థి బృందం ఈ ఒక్క పనిని పూనుకుని, మూల ప్రాజెక్టుకు అందిస్తే, అది మన భాషకే గాక చాలా భాషలకు మేలు చేస్తుంది.

రెండోది సర్వర్ నడక. ఆట నియమాలన్నీ ఒకే వరుసలో, ఒకే థ్రెడ్‌లో నడుస్తాయి. డేటాబేసు పనులను పక్కకు పంపి తరువాత చేయిస్తారు గాని, లోకమంతా టర్నుకు ఒక్కసారి ఒకే చేతి మీదుగా సాగాలి. ఎవరో ఒకరు రాసిన చిన్న స్క్రిప్టు ఎక్కువసేపు తిరిగితే ఆ టర్ను 300 మిల్లీసెకన్లలో ముగియదు, అప్పుడు దూరపు జోనులో ఉన్నవారికి కూడా ఆట తడబడుతుంది. సర్వర్ లాగులో హెచ్చరిక పడుతుంది. ఈ పద్ధతికి ఒక లాభం ఉందని ఒప్పుకోవాలి. ఇద్దరు ఒకే వస్తువును ఒకేసారి ఎత్తుకునే పేచీ రాదు, ఒకరు వాడుతుండగా మరొకరిని ఆపే తాళాల గొడవ లేకుండా నియమాలు రాసుకోవచ్చు. ఒక తరగతికి, ఒక కళాశాలకు ఇది ధారాళంగా సరిపోతుంది. వేలమందిని ఉద్దేశించి ఆట కట్టాలనుకునేవారు మాత్రం ఇక్కడ నేర్చుకుని వేరేచోట కట్టుకోవాలి.

మూడోది వివరణ పత్రాలు. ఉన్నవి మంచివే. మరౌరోవా భావనలను వివరించే పుటలు ముఖ్యంగా బాగున్నాయి. అయితే కొన్ని పుటలు కోడ్‌తోపాటు మారలేదు, చెప్పిన ఫైలు చెప్పినచోట ఉండదు. అధ్యాపకుడు ముందుగా ఒకసారి దారంతా నడిచి, తన సొంత నోట్సు రాసుకున్నాకే విద్యార్థులకు ఇవ్వాలి.

భద్రత విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. జావా క్లయింటు పాస్‌వర్డును ఆర్ఎస్ఏ తాళంచెవితో గుప్తీకరించి పంపుతుంది, కానీ ఆ తరువాతి సంభాషణ గుప్తీకరణ లేని మామూలు టీసీపీ నెట్‌వర్కు పద్ధతి మీదుగానే సాగుతుంది. ల్యాబు గోడల మధ్య ఇది సమస్య కాదు. బయటి ప్రపంచానికి తెరవదలచినవారు వెబ్ క్లయింటును గుప్తీకరించి పంపే హెచ్‌టీటీపీఎస్ వెనుక పెట్టి నడపడం మేలు, విద్యార్థులు తమ ఈమెయిలు పాస్‌వర్డునే ఇక్కడ వాడకుండా ముందే గట్టిగా చెప్పాలి.

ఇక ఆటగా దీని రుచి గురించి రెండు మాటలు. సెమోస్ పట్టణం, దాని కింది గుహలు, సముద్రం దాటితే అథోర్ ద్వీపం, ఎల్ఫులనే కల్పిత జాతివారి ఊరు నాల్వోర్, పెద్ద నగరం అడోస్ ఇలా లోకం విశాలమైనదే. ఎదుగుదల నెమ్మది. చంపిన ఎలుకనే మళ్లీ మళ్లీ చంపే దశ ఒకటి ఉంటుంది, అది విసుగే. ఊరివాళ్ల మాటల్లో ఉన్న ఆప్యాయత ఆ విసుగును కొంత తగ్గిస్తుంది. ఆడుకోవడానికే కావలసినవారికి నేను దీన్ని సిఫారసు చేయను, అంతకంటే ఆకర్షణీయమైనవి ఎన్నో ఉన్నాయి.

మా బృందం ఇప్పుడు చేస్తున్నది ఉదయగిరి దుర్గం జోను. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కొండకోట అది. స్టెంధాల్ మ్యాపులను టైల్డ్ అనే ఉచిత ఎడిటరులో గీస్తారు. నేల, దాని మీది భూభాగం, వస్తువులు, పైకప్పులు వేర్వేరు పొరలుగా ఉంటాయి. నడవకూడని గడులకు విడిగా ఒక పొర, దాడి కుదరని రక్షిత ప్రాంతానికి మరొకటి ఉంటాయి. ఒక్కో గడి 32 పిక్సెళ్ల చదరం. జోను పేరు ముందు వేసే అంకె దాని ఎత్తును చెబుతుంది. సున్నా అంటే నేలమట్టం, రుణసంఖ్య అంటే భూగర్భం, ఒకటి అంటే పై అంతస్తు. కొండ పాదాన ఊరిని సున్నాలో, కోటను ఒకటిలో పెట్టి మెట్ల దారితో కలపడానికి ఈ పద్ధతి చక్కగా కుదిరింది. కోట గోడల బొమ్మలను పిల్లలు తామే గీస్తున్నారు.

ఆ బొమ్మలు తామే గీయాలని నేను పట్టుబట్టడానికి కారణం లైసెన్సు. స్టెంధాల్ కోడ్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉంది. మార్చిన ఆటను ఎవరికైనా అందిస్తే మార్చిన కోడ్‌ను కూడా అదే షరతుతో అందించాలి. వెబ్ క్లయింటుకు దానికంటే కఠినమైన ఏజీపీఎల్ లైసెన్సు వర్తిస్తుంది కాబట్టి, దాన్ని మార్చి నెట్‌వర్కు ద్వారా నడిపినా ఆడేవారికి కోడ్ అందుబాటులో ఉంచాలి. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మను తెచ్చి అతికిస్తే ఈ షరతుకు భంగం రావచ్చు. అందువల్ల ప్రతి బొమ్మ ఫైలు పక్కనా గీసినది ఎవరు, ఏ లైసెన్సు కింద ఇచ్చారు అన్న వివరాన్ని మా విద్యార్థులు మొదటి రోజు నుంచే రాసి ఉంచుతున్నారు. నెల్లూరు గొర్రెల మూడు బొమ్మలకు ఆ పత్రం పూర్తయింది, కోట గోడలది సగంలో ఉంది.